యానాం అబ్బాయి ఫ్రెంచి

"అమ్మా, ఈ బెడ్రూమ్‌ల మంచం వేస్తే మనిషికి జాగ లేదు. మంచానికొక బెడ్రూమ్, మనకొక బెడ్రూమ్ కొనాలె. సీరియస్లీ!"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆ అమ్మాయి గిరుక్కున తిరిగింది.

కెల్లీవిల్‌లో ఆ శనివారం పొద్దుటి నుంచీ వాన. అమ్మకానికి పెట్టిన టౌన్‌హౌస్ గుమ్మం బయట తడిసిన బూట్లు గుట్టగా పడున్నాయి. లోపల జనం సాక్సుల కాళ్ళతో నడుస్తూ, అలమరలు తీసి చూస్తూ, మధ్యమధ్యలో ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. సిడ్నీలో ఇల్లు కొందామనుకున్న వాళ్ళ శనివారాలు ఇలాగే తెల్లారతాయి. ఇల్లు చూడ్డం తక్కువ, పక్కవాడు వేలంలో ఎంతదాకా పాడతాడో వాడి ముఖంలో వెతుక్కోవడం ఎక్కువ.

"తెలుగా?" అందా అమ్మాయి, కళ్ళు చిట్లించి.

"ఆయ్," అన్నాడతను.

"నా కాల్ వింటున్నవా?"

"విన్లేదండీ. వినబడిందండీ. రెండిటికీ తేడా ఉంది కదండీ?"

"మూడు అండీలు! ఒక్క లైన్‌ల! నన్ను ఆంటీని చేసేటట్టున్నవ్. ఏ ఊరు నీది?"

"యానాం."

అంతే. ఆ అమ్మాయి ముఖంలో కోపం ఎటు పోయిందో తెలీదు. కళ్ళు పెద్దవయ్యాయి. ఫోన్లో అమ్మకి "కాల్ యూ బ్యాక్" అనేసి కట్ చేసింది.

"యానాం అంటే ఫ్రెంచ్ వాళ్ళది గదా? ఓ మై గాడ్. నీకు ఫ్రెంచ్ వస్తదా?"

'రాదు' అనడానికి రెండక్షరాలు చాలు. జయంత్ ఆ రెండక్షరాలూ అని ఉంటే ఈ కథే లేదు. నిజానికి అతనికి వచ్చిన ఫ్రెంచి అంతా కలిపితే ఒక బోన్‌జూరు, ఒక మెర్సీ, ఊళ్ళో వీధుల బోర్డుల మీద కనబడే 'ర్యూ' అన్న మాట. స్కూల్లో ఫ్రెంచి తీసుకోరా అని ఇంట్లో చెబితే, ఆ మేష్టారి చేతిలో బెత్తం చూసి హిందీ క్లాసులో దూరినవాడు. ఫ్రాన్స్ వాళ్ళు యానాం వదిలి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో కూడా అతనికి లెక్క తెలీదు.

కానీ ఎదురుగా ఆ కళ్ళు ఉన్నాయి. వాటిల్లో తను తప్ప ఇంకెవరూ లేరు.

"కొంచెం వచ్చండి," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు. జయంత్ కౌన్సిల్ ఆఫీసులో వాననీటి కాలవల ఇంజనీరు. ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, ఎటు పల్లమో చూడగానే చెప్పగలడు. తను ఏ పల్లంలోకి జారుతున్నాడో మాత్రం ఆ రోజు కనిపెట్టలేకపోయాడు.

* * *

ఆమె పేరు శ్రీదివ్య. ఫిజియోథెరపిస్టు. నాలుగేళ్ళప్పుడు హనుమకొండ నుంచి అమ్మానాన్నలతో వచ్చి కెల్లీవిల్‌లో పెరిగింది. నాన్న ద్వారకానాథ్ గుండె డాక్టరు, అమ్మ కళావతి పళ్ళ డాక్టరు. కూతురు ఒక క్లినిక్‌లో ఆరునెలలు నిలిచిందంటే ఆ ఇంట్లో పాయసం వండుతారు. ఒకచోట కూర్చుంటే కాలు ఊపుతూనే ఉంటుంది, నిలబడితే చెయ్యి ఏదో ఒకటి తిప్పుతూ ఉంటుంది. కాలుగాలిన పిల్లి అంటుంది వాళ్ళమ్మ.

ఇదంతా జయంత్‌కి మొదటి కాఫీలోనే తెలిసింది. నార్‌వెస్ట్ స్టేషన్ పక్కన చిన్న కాఫీ షాపు. బయట సన్నటి వాన. ఆమె కాలు ఊగుడికి బల్ల మీద కప్పులు సన్నగా మోగుతున్నాయి.

"నాన్నకి నేను మా పక్క వీధిల టౌన్‌హౌస్ కొనాలె. అందుకే ప్రతి శనివారం ఇన్‌స్పెక్షన్లు. కొన్న అనుకో, థర్టీ ఇయర్స్ బ్యాంక్‌కి కట్టుకుంట ఇక్కడే ఉండాలె. అది ఇల్లు కాదు జయంత్, యాంకర్."

"మరి మీకేం కావాలండి?"

ఆమె ఫోన్ అతని ముందుకు తోసింది. తెర మీద రాతి ఇల్లు. పలకల కప్పు, నీలం తలుపులు, గుమ్మం ముందు అరిగిపోయిన రాతి మెట్టు.

"ఇది ఫ్రాన్స్. క్రూజ్ అని ఒక జిల్లా. అక్కడ ఊర్లకు ఊర్లు ఖాళీ. ఇండ్లు మస్తు చీప్. ఇక్కడ కార్ పార్కింగ్ రాదు ఆ పైసలకు. కానీ నాకు ఏదో ఒక ఇల్లు కాదు, ఇదే కావాలె."

"ఇదేనా? ఎందుకండి?"

ఆమె కప్పు రెండుసార్లు తిప్పింది.

"టూ ఇయర్స్ బ్యాక్ ఆ సైడు తిరిగిన. బస్ పాడైంది. ఈ ఊర్ల దించేసిండ్రు. ఇంట్ల ఎవరున్నరో తెల్వదు, తలుపు వేసి ఉండె. ఆ మెట్టు మీద కూర్చున్న, ఇంకో బస్ వచ్చేదాకా. లేచినంక గుర్తొచ్చింది, నా కాలు ఊగలేదు. నవ్వకు. నా లైఫ్‌ల ఫస్ట్ టైమ్."

జయంత్ నవ్వలేదు. శనివారం గదిలో ఒక్కడూ కూర్చోలేక, కొనలేని ఇళ్ళు చూస్తూ ఊరంతా తిరిగేవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"అప్పటి నుంచి ఆ ఏరియా వెబ్‌సైట్లన్నీ రోజూ చూస్తున్న. పోయిన వారం ఇది సేల్‌కి వచ్చింది! చుట్టుపక్కల ఇండ్లల్ల సగం రేటు కూడా లేదు. ఎందుకో అర్థమైతలేదు. యాప్‌ల పెడితే వచ్చే ఇంగ్లిష్, ఫ్రెంచ్ కన్నా కష్టంగ ఉంది. నువ్వు చదివి చెప్పు."

జయంత్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలు ఇంగ్లీషువే. వరస మాత్రం పగబట్టినట్టుంది. పక్కన యాప్ ఇచ్చిన ఇంగ్లీషు చూశాడు.

"కావ్... అంటే ఇంటి కింద గుహ ఉందండి."

"గుహనా? వావ్!"

అది సామాన్లు పెట్టుకునే నేలమాళిగ అని ఇద్దరికీ తెలీదు.

"ఇక్కడ చూడు. 'ఆక్యుపైడ్ లైఫ్ యాన్యుటీ' అంటది యాప్. వాట్ ఈజ్ దట్?"

ఆ మాట ఫ్రెంచిలో రెండు ముక్కలుగా ఉంది. వియాజే ఓక్యుపే. జయంత్ గడ్డం గోక్కున్నాడు. బయట వాన వంక చూశాడు. తర్వాత, దేవుడి మీద భారం వేశాడు.

"లైఫ్ అంటే జీవితాంతం కదండి. అంటే లీజు కాదు, సొంత హక్కు. ఆక్యుపైడ్ అంటే పాడుబడ్డ కొంప కాదు, మనుషులు మసిలే ఇల్లు. మంచిదేగా!"

"మరి ఈ బుకే ఏంది? రేటు పక్కన రాసిండ్రు."

"బొకే అండి. పూలగుత్తి. కొన్నవాళ్ళకి ఇస్తారు కాబోలు. ఫ్రాన్స్ వాళ్ళకి మర్యాద ఎక్కువ."

"సో స్వీట్!" అంది శ్రీదివ్య, చెంపకి చెయ్యి ఆనించి.

జయంత్ చెమట తుడుచుకున్నాడు. ఒక్క సెప్టిక్ ట్యాంకు దగ్గర మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు. అది తన సబ్జెక్టు. ఆ మట్టిలో నీళ్ళు ఎలా ఇంకుతాయో, తొట్టి ఎంత దూరంలో ఉండాలో, పాతదైతే ఏం మార్చాలో ఆగకుండా పావుగంట చెప్పాడు. ఆమె బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని విన్నది. సెప్టిక్ ట్యాంకు గురించి ఒక ఆడపిల్ల అంత ముచ్చటగా వినడం అతను జన్మలో చూడలేదు.

"నీకు ఎంత తెలుసు!" అంది.

అంత మాట విన్నాక మనిషి నిజం ఎలా చెబుతాడు చెప్పండి?

* * *

తర్వాత వారాలు అలా గడిచాయి. ప్రతి బుధవారం మధ్యాహ్నం అదే కాఫీ షాపులో కలిసేవాళ్ళు. ఆ రోజు ఆఫీసులో జయంత్‌కి కుదురు ఉండేది కాదు. ఏ కాలవ డ్రాయింగు చూసినా అందులో నీలం తలుపులే. ఫోన్లో ఫ్రెంచి నేర్పే యాప్ ఒకటి పెట్టుకున్నాడు. 'పిల్లి పాలు తాగును' దగ్గర మొదలైంది అది. పిల్లి పాలు తాగుతుంటే ఇల్లు ఎప్పటికి కొనాలి?

ఒక అబద్ధం ఆడటం తేలిక. దాన్ని పెంచడమే కష్టం, రోజూ మేత వెయ్యాలి. పైగా ఇంకో దిగులు పట్టుకుంది. ఆమె ఇల్లు కొంటే వెళ్ళిపోతుంది. తను దగ్గరుండి అర్థాలు చెప్పి, దగ్గరుండి విమానం ఎక్కిస్తున్నాడు. ఇంతకంటే తెలివితక్కువవాడు దక్షిణార్ధగోళంలో ఉంటాడా అని ఆలోచిస్తూ మెట్రోలో దిగాల్సిన స్టేషన్ దాటిపోయేవాడు.

ఒక బుధవారం మధ్యాహ్నం శ్రీదివ్య పరుగున వచ్చింది. గొడుగు మూయకుండానే లోపలికొచ్చి పక్క బల్ల ఆయన కాఫీ మీద నీళ్ళు చిందించి, సారీ చెప్పి, కూర్చుంది.

"డన్! ఏజెంట్‌కి ఓకే చెప్పేసిన. శుక్రవారం ఆన్‌లైన్‌ల సైన్ చేస్త. క్లినిక్‌ల నోటీస్ కూడా పొద్దుననే ఇచ్చేసిన. సండే అమ్మానాన్నకు చెప్తున్న, నువ్వు రావాలె. ఫ్రెంచ్ తెలిసినోడు ఒకడు పక్కన ఉంటే నాన్న నమ్ముతడు."

జయంత్ కప్పు కింద పెట్టాడు.

"శుక్రవారమే? ఒక్కసారి లాయరుకి చూపిస్తే..."

"నువ్వు చూసినవ్ గదా! నువ్వున్నంక లాయర్ ఎందుకు?"

ఆమె వెళ్ళాక అతను తిరిగి ఆఫీసుకి వెళ్ళనే లేదు. స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని యానాం ఫోన్ చేశాడు. అక్కడ అతని చినతాత బ్రహ్మయ్య ఉన్నాడు. కుర్రతనంలో ఫ్రాన్స్ సైన్యంలో చేరి, సగం జీవితం అక్కడ గడిపి, ఇప్పటికీ అక్కడి పింఛనుతో గోదారి ఒడ్డున దర్జాగా బతుకుతున్న మనిషి. ఆయన్ని మొదటిరోజే అడిగి ఉండొచ్చు. అడిగితే, 'నీకెందుకురా' అంటాడు, 'ఎవరా పిల్ల' అంటాడు, సాయంత్రానికి యానాం అంతా తెలుస్తుంది. అందుకని అడగలేదు.

"తాతా, వియాజే ఓక్యుపే అంటే ఏంటి?"

"ఏంట్రా, కొంప కొంటున్నావా?"

"ఒక ఫ్రెండు కొంటోంది. నువ్వు ముందు చెప్పు."

"కొంటోందా? సరే, అది తర్వాత అడుగుతాలే. ఒరేయ్, వియాజే అంటే, ముసలాళ్ళు బతికుండగానే ఇల్లు అమ్ముకోడంరా. ముందు కొంత సొమ్ము ఇస్తావు. తర్వాత నెలనెలా పింఛను లాగా కడతావు, ఆళ్ళు బతికినన్నాళ్ళూ. ఆ ఇంట్లో ఆళ్ళే ఉంటారు. ఆళ్ళు దాటిపోయాకే ఇల్లు నీది. ఓక్యుపే అంటే లోపల ఆళ్ళు ఉన్నారని."

"మరి బుకే అంటే పువ్వులు కదా?"

"పువ్వులేంట్రా నీ దుంపతెగ! ముందిచ్చే సొమ్మురా అది! నీకు ఫ్రెంచి నేర్పమని మీ నాన్నకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

జయంత్ ఫోన్ పెట్టేశాడు. ప్రకటన చివర ఉన్న 'మదాం' ఎవరో ఇప్పుడు అర్థమైంది. చెబితే శ్రీదివ్య ఇల్లు పోతుంది. ఇల్లు పోతే ఆమె ఇక్కడే ఉంటుంది, కానీ తన ముఖం చూడదు. చెప్పకపోతే శుక్రవారం సంతకం పెట్టి, ఇంకొకరు కాపురముంటున్న ఇంటికి సూట్‌కేసుతో వెళ్ళి నిలబడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెండూ తనే తవ్వాడు.

లేచి ఆమె క్లినిక్‌కి నడిచాడు.

* * *

"లోపల ఒక ముసలావిడ ఉందండి," అన్నాడు, క్లినిక్ వెనక కార్ల పార్కింగులో, వానలో నిలబడి.

"ఎక్కడ లోపల?"

"మీ ఇంట్లోనండి."

మొత్తం చెప్పాడు. శ్రీదివ్య ఒక్క ముక్క అడ్డం రాకుండా విన్నది. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"సో బుకే..."

"పువ్వులు కాదండి."

"గుహ?"

"అది కూడా అనుమానమేనండి."

"నీకు ఫ్రెంచ్ రాదు."

"రాదండి."

"నేను జాబ్‌ల నోటీస్ ఇచ్చిన, పొద్దున! నాకు ఇంకా టూ డేస్‌ల సైన్! ఆమె పోయేదాకా నేను ఏం చేయాలె? క్యాలెండర్ ముందు పెట్టుకొని, ఈ నెల ఉన్నదా, వచ్చే నెల పోతదా అని చూసుకుంట కూర్చోవాల్నా? ఒక మనిషి చావు కోసం? ఛీ!" ఆమె ముఖం మీది వాననీళ్ళు తుడుచుకుంది. "ఎందుకు చెప్పినవ్ ఫ్రెంచ్ వస్తదని?"

"రాదంటే మీరు వచ్చినోళ్ళని వెతుక్కుంటారని."

"అది ఆన్సర్ కాదు!"

"అదేనండి ఆన్సర్."

ఆమె అతని వైపు చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు నీలం రంగుది కూడా కాదు, అయినా జయంత్ దాన్ని చూస్తూ తడిసి ముద్దయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

రెండు రోజులు అతనికి తిండి లేదు. ఫోన్ బల్ల మీద పెట్టేవాడు, మళ్ళీ తీసేవాడు. 'సారీ' అని రాసి చెరిపేవాడు. ఏ ఊరి కాలవలో నీళ్ళు నిలిచినా పంపించగలిగిన ఇంజనీరు, తన ఛాతీలో నిలిచిన బరువుని ఎటు పంపాలో తెలీక నడిచిన రోడ్డే నడిచాడు.

శుక్రవారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది.

'సైన్ చెయ్యలే. వద్దని చెప్పిన. ఆ లేడీ నన్ను చూడాలంటుందట, ఏజెంట్ అన్నడు. వీడియో కాల్, సండే. ముఖం మీద నో అనలేకపోయిన. మీ తాతకు ఫ్రెంచ్ వస్తదా? నిజంగ?'

'నిజంగానండి.'

'ఆయన్ని అడుగు. నువ్వు కూడా రా. నీకోసం కాదు. ఆయనకి వీడియో పెట్టడం రాకపోతే కష్టం.'

* * *

ఆదివారం. సిడ్నీలో సాయంత్రం, యానాంలో మధ్యాహ్నం, క్రూజ్‌లో పొద్దున. కెల్లీవిల్ ఇంట్లో పెద్ద టీవీకి ల్యాప్‌టాప్ తగిలించారు. కళావతి సర్వపిండి చేసి ప్లేట్లో పెట్టి జయంత్‌ని ఎగాదిగా చూసింది. కూతురు ఆమెకి ఎంత చెప్పిందో, ఎంత దాచిందో తెలీదు.

"నువ్వేనా బొకే బాబువి?" అంది.

చెప్పిందన్నమాట.

"ఆయ్, ఆంటీ," అన్నాడు జయంత్, తేలు కుట్టిన దొంగలా.

ద్వారకానాథ్ అద్దాల మీంచి చూశాడంతే. శ్రీదివ్య సోఫా అటు చివర, జయంత్ ఇటు చివర. మధ్యలో ఒక ఊరు పట్టేంత ఖాళీ.

టీవీలో ఒక పక్క బ్రహ్మయ్య తాత, తెల్ల బనీను మీద ఫ్రాన్స్ పతకం పెట్టుకుని. ఇంకో పక్క మదాం జెర్మేన్. పొట్టి మనిషి, వెండి జుట్టు, బెర్రీ పళ్ళ రంగు స్వెట్టరు, స్టూలు మీద చాపిన కాళ్ళు. వెనకాల నీలం తలుపు తెరిచి ఉంది. ఒక కోడి లోపలికొచ్చి చూసి వెళ్ళిపోయింది.

తాత, మదాం పలకరించుకున్నారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకేసారి నవ్వారు. తాత కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమంటుంది తాతా?" అన్నాడు జయంత్.

"నేను ఉద్యోగం చేసిన ఊరు ఆవిడకి తెలుసంటరా! ఆ పక్క రొట్టెల కొట్టు ఇంకా ఉందంట!"

"ఇంటి గురించి తాతా..."

"ఉండరా. ఆవిడకి పిల్లల్లేరంట. ఒక్కత్తే ఉంటుందంట. ఈ అమ్మాయిని గుర్తుపట్టిందంట. మెట్టు మీద కూర్చున్న రోజు ఆవిడ లోపలే ఉందంట. కిటికీలోంచి చూసిందంట. తలుపు తీద్దామనుకుని సిగ్గేసి తియ్యలేదంట."

శ్రీదివ్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే ద్వారకానాథ్ టీవీ దగ్గరికి జరిగాడు. ముప్పై ఏళ్ళు గుండెలు చూసిన మనిషి. ఎదురుగా మనిషి కనబడితే ఆయనకి ముందు కాళ్ళు, తర్వాత పెదాల రంగు కనబడతాయి, ముఖం ఆఖర్న.

"బ్రహ్మయ్య గారూ, అడగండి. ఆమెకు బీపీ ఎంతుంటది? టాబ్లెట్లు ఏమన్న వాడుతదా?"

"నాన్నా, నో!" అరిచింది శ్రీదివ్య.

తాత అప్పటికే అడిగేశాడు.

మదాం జెర్మేన్ ముఖం మారిపోయింది. ఆవిడ అన్న నాలుగు మాటలకీ తాత గొంతు తగ్గింది.

"మొన్న కొనడానికొచ్చినాయన కూడా ఇదే అడిగాడంట. నేను ఎప్పుడు పోతానో లెక్కేసే వాళ్ళకి నా ఇల్లు ఇవ్వను అంటోంది."

"అయ్యో, గట్ల కాదు! చెప్పండి ఆమెకు! నేను డాక్టర్‌ను! కాళ్ళ వాపు కనపడ్డది, అందుకని అడిగిన!" ద్వారకానాథ్ చేతులు ఊపుతున్నాడు. తాత ఏదో సర్దిచెప్పబోయాడు. ఆవిడ వినడంలేదు. కాల్ ఆపడానికి ఏ బటన్ నొక్కాలో వేలితో వెతుకుతోంది. శ్రీదివ్య లేచి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. ఇల్లు వద్దని శుక్రవారమే చెప్పిన అమ్మాయికి, అది ఇప్పుడు నిజంగా పోతోందనేసరికి ఏం చెయ్యాలో తోచలేదు.

జయంత్ సోఫాలోంచి లేచాడు.

"తాతా, ఆవిడతో చెప్పు."

"ఏం చెప్పమంటావురా?"

"మీరు ఎప్పుడు పోతారా అని చూసేవాళ్ళు ఇక్కడెవరూ లేరని చెప్పు. నా మట్టుకు నేనైతే, మీరు నూరేళ్ళు ఉండాలి. నూట ఇరవై ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే ఆ ఇంట్లో మీరు ఉన్నన్నాళ్ళూ ఈ అమ్మాయి సిడ్నీలో ఉంటుంది. మీరు లేరని తెలిసిన మర్నాడే సూట్‌కేసు సర్దేస్తుంది, ఆవిడకి కుదురు లేదు. కాబట్టి ఈ బేరంలో మీరు బతకాలని మొక్కుకునేవాడు ఎవడైనా ఉన్నాడంటే వాడిని నేనే." జయంత్ ఊపిరి తీసుకున్నాడు. ఎవరి వైపూ చూడలేదు, చూస్తే మాట రాదని తెలుసు. "నాకు ఫ్రెంచి రాదని కూడా చెప్పు. వచ్చని అబద్ధమాడాను. ఈ అమ్మాయి వారానికోసారి ఎదురుగా కూర్చుంటే చాలనుకున్నాను. ఇప్పుడు వారానికోసారి చాలట్లేదు. అది కూడా చెప్పు."

టీవీలో బ్రహ్మయ్య పతకం సర్దుకున్నాడు.

"ఒరేయ్," అన్నాడు తాత మెల్లగా, "ఇది ఆవిడకి చెప్పాలా, ఆ అమ్మాయికి చెప్పాలా?"

"ఆ అమ్మాయి విన్నదిగా తాతా. ఆవిడకి చెప్పు."

తాత చెప్పాడు. జయంత్ తెలుగులో చెప్పిన దానికన్నా చాలా ఎక్కువసేపు చెప్పాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, ఒకసారి పైకి చూపించాడు. మదాం జెర్మేన్ వేలు బటన్ మీద నుంచి జరిగింది. పెదాలు బిగబట్టింది. ఇక ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వుకి కోడి మళ్ళీ లోపలికొచ్చింది.

"నూట ఇరవై ఏళ్ళు బతకమని అడిగిన మొదటి మొగాడివి నువ్వేనంట," అన్నాడు తాత. "ఆవిడాయన కూడా ఎప్పుడూ అడగలేదంట. డాక్టరు గారిని కూడా క్షమించేసింది. కాళ్ళకి ఏం మందు వాడాలో తర్వాత అడుగుతానంది. ఇంతకీ ఆ పిల్ల ఏమంటుంది అంటోంది."

అందరూ శ్రీదివ్య వైపు తిరిగారు. ఆమె చెంపలు తుడుచుకుంది. జయంత్ వైపు కోపంగానే చూసింది. కానీ ఆ కోపం నిలబడలేకపోతోంది, అతనికి కూడా కనబడింది.

"తాతగారూ, చెప్పండి. నాకు వెయిట్ చెయ్యడం రాదు. ఇంటి కోసం కాదు, అసలు దేనికోసం కూడా రాదు. ఆమె లేని ఇల్లు నాకు వద్దు. ఆమె ఉన్నప్పుడే రావచ్చా అని అడగండి. నెక్స్ట్ ఏప్రిల్‌ల. ఆ రోజు తెరవని తలుపు తెరవమనండి."

జయంత్ ముఖం వాడిపోయింది. నూట ఇరవై ఏళ్ళు అడిగినవాడికి ఏప్రిల్ దాకా మిగిలింది.

"రమ్మంటోంది," అన్నాడు తాత. "ఒక్కత్తివే వస్తావా అంటోంది."

"కాదు," అంది శ్రీదివ్య. "ఇద్దరం."

"ఇద్దరా? ఎవరెవరు?" అన్నాడు ద్వారకానాథ్.

"నాన్నా, అక్కడ సెప్టిక్ ట్యాంక్ చూడాలె. ఈయనకు అదొక్కటి నిజంగ వస్తది."

జయంత్ ఆమె వైపు చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలీక, రెండూ కాకుండా, "ఆయ్" అన్నాడు. అనేసి సోఫా చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

"పై అంతస్తులో గదులు ఉన్నాయంట," అంటున్నాడు తాత. "ఎన్ని కావాలో చెబితే ఇప్పట్నుంచే దులిపిస్తానంటోంది."

"రెండు!" అరిచాడు ద్వారకానాథ్. "రెండు గదులని చెప్పండి బ్రహ్మయ్య గారూ! గట్టిగ చెప్పండి!"

కళావతి ఖాళీ ప్లేటు అందుకుని జయంత్‌ని ఇంకోసారి ఎగాదిగా చూసింది. ఈసారి చూపు వేరు.

"ఏప్రిల్ లోపల ముహూర్తాలు లేవా ఏంది?" అంది భర్తతో. "మూడు నెలల్ల పెళ్ళి చేస్తే రెండో గది దేనికి? ఆ పెద్దామెకు దులుపుడు పని ఎందుకు పెడతవ్?"

ద్వారకానాథ్ కూతురి ముఖం చూశాడు. ఇంత కాలంలో ఆ పిల్ల ఒక్క మాట కోసం ఇంతగా ఊపిరి బిగబట్టి నిలబడటం ఆయన చూడలేదు. అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, ఎంతకీ తుడుస్తూనే ఉన్నాడు.

"ఏం చెప్పమంటారమ్మా?" అన్నాడు తాత. "ఒకటా, రెండా? ఆవిడ చూస్తోంది."

శ్రీదివ్య ఎవరి అనువాదం కోసమూ ఆగలేదు. సోఫా దాటి వచ్చి జయంత్ పక్కన నిలబడి, కెమెరాకి ఒక్క వేలు చూపించింది.